భగవంతునికి మన పూజ అవసరమా?

దేవాలయానికి వచ్చే ప్రతి భక్తుని మనస్సులోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం మెదులుతుంది. సకల జగత్తుకూ అధిపతియైన స్వామికి మనమిచ్చే కొబ్బరికాయతో పని ఏమి? గంగను శిరస్సున ధరించిన శివునికి మన చెంబెడు నీళ్లు ఎందుకు? లక్ష్మీదేవిని వక్షఃస్థలంలో నిలుపుకొన్న శ్రీహరికి మన హుండీ కానుకలు ఎందుకు? ఇలా అడిగితే అపచారమవుతుందేమోనని కొందరు ఈ సందేహాన్ని లోలోపలే అణచుకొంటారు. కొందరు యువకులు దీనినే ఆక్షేపణగా పెద్దల ముందు ఉంచుతారు. నిజానికి ఇది అపచారమూ కాదు, కొత్త ప్రశ్నా కాదు. మన శాస్త్రకారులు దీనిని పూర్వపక్షంగా నిలిపి, విచారించి, సమాధానం చెప్పారు.

ఈ సందేహంలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. మన పూజ భగవంతునికి అవసరమా అనేది మొదటిది. అది ఆయనకు ఇష్టమా అనేది రెండవది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే చిక్కు ఏర్పడుతున్నది.

పూర్వపక్షం

ఆక్షేపించేవారి వాదం ఇది. భగవంతునికి పూజ అవసరమైతే ఆయనలో ఏదో లోటు ఉన్నట్లే. లోటు ఉన్నవాడు పరిపూర్ణుడు కాడు. పరిపూర్ణుడు కానివాడు పరమేశ్వరుడు కాజాలడు. పోనీ, అవసరం లేదంటారా? అప్పుడు మనం చేసే పూజ అంతా వ్యర్థమవుతుంది. ఏ విధంగా చూసినా పూజ నిలువదు. పైగా ప్రతి పూజకు ముందు సంకల్పంలో 'పరమేశ్వర ప్రీత్యర్థం' అని చెప్పుకొంటాము. ప్రీతి కలగడానికి పూజ చేస్తున్నామంటే, అంతకు ముందు ఆయనకు ప్రీతి కొరవడిందనే కదా అర్థం?

ఈ వాదం బలమైనదే. కోపగించుకొని తోసిపుచ్చితే భక్తికి మేలు జరుగదు. క్రమంగా విచారిద్దాం.

అవసరం లేదు

మొదటి ప్రశ్నకు శాస్త్రసమాధానం స్పష్టంగా ఉంది. భగవంతునికి మన పూజ అవసరం లేదు. తనకు ముల్లోకాలలోనూ పొందవలసినది ఏదీ లేదని శ్రీకృష్ణ పరమాత్మ గీత మూడవ అధ్యాయం 22వ శ్లోకంలో స్వయంగా చెప్పాడు. అదే అధ్యాయంలో దేవతలు యజ్ఞంతో తృప్తిపొంది మనుష్యులకు ఇష్టభోగాలిస్తారని కూడా ఉంది కదా అని సందేహం రావచ్చు. అది ఇంద్రాది దేవతలకూ మనుష్యులకూ నడుమ సాగే లోకచక్రపు ధర్మం. ఆ చక్రాన్ని ప్రవర్తింపజేసిన పరమేశ్వరుడు దానికి లోబడినవాడు కాడు.

బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలో సృష్టిని గురించి ఇటువంటి విచారణే కనబడుతుంది. కోరికలన్నీ తీరినవాడైన ఈశ్వరుడు ఏ ప్రయోజనాన్ని ఆశించి సృష్టి చేశాడు అని అక్కడ పూర్వపక్షం. ప్రయోజనాన్ని ఆశించి కాదు, అది ఆయన లీల అని సిద్ధాంతం. శంకర భగవత్పాదులు అక్కడ ఉచ్ఛ్వాస నిశ్వాసాలను దృష్టాంతంగా చూపారు. ఊపిరి స్వభావంగా సాగుతుంది, ఏదో లాభం కోరి సాగదు. లోకాన్నే సృజించడంలో ఏ అవసరమూ లేనివానికి, ఆ లోకంలో పూచిన ఒక పువ్వు అవసరమవుతుందా?

మీమాంసకులు ఇంకా నిర్మొహమాటంగా మాట్లాడారు. పూర్వమీమాంసకు భాష్యం వ్రాసిన శబరస్వామి తొమ్మిదవ అధ్యాయంలో దేవత హవిస్సును నిజంగా భుజిస్తుందా అని విచారించాడు. తేనెటీగ వలె దేవత పదార్థంలోని రసాన్ని మాత్రమే గ్రహిస్తుందనీ, అందువల్లనే సమర్పించిన అన్నం రుచి తగ్గుతుందనీ అక్కడ పూర్వపక్షి అంటాడు. శబరస్వామి సమాధానం వింటే నేటివారికి కూడా నవ్వు వస్తుంది. గాలి తగిలి చల్లారింది కనుక రుచి తగ్గింది, అంతే అన్నాడు. దేవతా స్వరూప విషయంలో వేదాంతులు మీమాంసకులతో ఏకీభవించరు. కర్మఫలాన్ని ఇచ్చేవాడు ఈశ్వరుడేనని వేదాంత సిద్ధాంతం. కాని ఆకలిగొన్న దేవుణ్ణి మనం పోషిస్తున్నామని వేదాంతులూ చెప్పలేదు.

పూజ తప్పనిసరిగా కావలసినవాడు ఎట్లా ఉంటాడో చూపించడానికి భాగవతం దశమ స్కంధంలో ఇంద్రుని కథ ఉంది. గోపకులు తన యాగం మానగానే అతనికి కోపం వచ్చింది. వ్రేపల్లెపై రాళ్లవాన కురిపించాడు. శ్రీకృష్ణుడు గోవర్ధనాన్ని ఏడు దినాలు ఎత్తిపట్టి ఆ గర్వాన్ని అణచాడు. పూజ తప్పితే పగబట్టడం ఇంద్రుని లక్షణంగా పురాణం చూపింది. మన స్వామికి ఆ లక్షణాన్ని మనం అంటగట్టరాదు.

అవసరం ఎవరిది?

మరి పూజ ఎందుకు? భాగవతం సప్తమ స్కంధం తొమ్మిదవ అధ్యాయంలో ప్రహ్లాదుడు దీనికి సమాధానం చెప్పాడు. ఉగ్రనరసింహుని సమీపించడానికి బ్రహ్మాదులే జంకినప్పుడు ఆ బాలుడు దగ్గరకు వెళ్లి స్తుతించాడు. ధనం, కులం, పాండిత్యం, తపస్సు స్వామిని మెప్పించలేవనీ, గజేంద్రుని విషయంలో ఆయన భక్తికే సంతోషించాడనీ అన్నాడు. తరువాత అద్దం దృష్టాంతం చెప్పాడు. అద్దంలోని ప్రతిబింబం నొసట తిలకం కనబడాలంటే అద్దానికి తిలకం దిద్ది లాభం లేదు. ముఖానికి దిద్దుకోవాలి. అప్పుడు ప్రతిబింబానికి ఆ శోభ తనంత తానే వస్తుంది. భగవంతుడు బింబం, జీవుడు ప్రతిబింబం. స్వామికి చేసిన గౌరవం స్వామి కొరతను తీర్చదు. అది చేసినవానికే వచ్చి చేరుతుంది.

పూజకు సంబంధించిన పదాలే ఈ విషయాన్ని బోధిస్తున్నాయి. ఉపాసన అంటే సమీపంలో కూర్చోవడం. నివేదన అంటే తెలియజేయడం. తినిపించడం అనే అర్థం ఆ ధాతువులో లేదు. 'స్వామీ, నీవిచ్చిన అన్నం ఇదిగో, నాకు అందింది' అని విన్నవించుకోవడమే నివేదన. ప్రసాదం అంటే తేట, ప్రసన్నత. కలకబారిన నీరు కదలక నిలిస్తే మడ్డి అడుగుకు దిగి తేటపడుతుంది. సంస్కృతంలో ఆ తేటదనాన్ని కూడా ప్రసాదమనే అంటారు. గుడినుండి వచ్చేటప్పుడు చేతిలో దొన్నెతోపాటు మనస్సులో ఆ తేటదనం కూడా ఉంటేనే ప్రసాదం పూర్తిగా లభించినట్లు.

నైవేద్యం వండేవారు రుచి చూడరు. ఉప్పు సరిపోయిందో లేదో తెలియకుండానే స్వామి ముందు ఉంచుతారు. ఆ గంటసేపు మనిషి తన నాలుకను వెనక్కు నెట్టి వేరొకరిని ముందు నిలిపాడు. ఇంటిలోనైనా, గుడిలోనైనా ఈ అభ్యాసం ప్రతిదినం జరిగితే 'నేను, నాది' అనే ముడి కొంచెం కొంచెంగా సడలుతుంది. మందు తాగవలసినవాడు రోగి. వైద్యునికి ఆ మందుతో పని లేదు. వైద్యునికి అవసరం లేదు కదా అని రోగి మందు మానితే నష్టపడేది ఎవరు?

ఇష్టమా?

ఇక రెండవ ప్రశ్న. అవసరం లేనివానికి ఇష్టం ఉంటుందా? ఉంటుంది. గీత తొమ్మిదవ అధ్యాయం 26వ శ్లోకంలో ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్లైనా భక్తితో ఇస్తే తాను ఆరగిస్తానని స్వామి మాట ఇచ్చాడు. ఇంద్రయాగం మాన్పించిన శ్రీకృష్ణుడే గోపకులు గోవర్ధనానికి పెట్టిన నైవేద్యాన్ని గిరిరూపంతో తానే స్వీకరించాడు. కుచేలుడు సిగ్గుపడి దాచుకొన్న అటుకులను తానే లాగి తీసుకొని పిడికెడు తిన్నాడు. రెండవ పిడికిలి ఎత్తబోతే రుక్మిణీదేవి చేయి పట్టి ఆపవలసి వచ్చింది. ద్వారకలో అన్నానికి కరవు వచ్చి తిన్నాడా?

తండ్రి తెచ్చిన పటికబెల్లం బిడ్డ చేతిలో ఉన్నది. బిడ్డ అందులో ఒక ముక్కను తండ్రి నోట పెట్టబోతాడు. తండ్రికి ఆకలి లేదు. తెచ్చినవాడు తానే. అయినా నోరు తెరుస్తాడు. బిడ్డకు పెట్టే గుణం అలవడిందని ఆ తండ్రి మురిసిపోతాడు. సంకల్పంలోని 'ప్రీతి' ఇటువంటిది. లోటు తీరడం వల్ల కలిగే సంతోషం వేరు, నిండుదనం పొంగడం వల్ల కలిగే సంతోషం వేరు. పున్నమినాడు సముద్రం ఉప్పొంగుతుంది. అంతకు ముందు దానికి నీళ్లు తక్కువై కాదు కదా.

మన తెలుగువారు తిరుమలేశుని 'వడ్డికాసులవాడు' అని చనువుగా పిలుచుకొంటారు. పద్మావతీ పరిణయం కోసం స్వామి కుబేరుని వద్ద ఋణం తీసుకొన్నాడనీ, భక్తుల కానుకలతో వడ్డి తీరుస్తున్నాడనీ స్థలపురాణ గాథ. స్వామికి ధనం అవసరమనడానికి దీనిని సాక్ష్యంగా చూపేవారున్నారు. ఆలోచించండి. లక్ష్మీపతికి అప్పు ఏమిటి? అన్నీ ఉన్నవాని ముందు చేయి చాచడమే గాని ఇవ్వడం మనకు తెలియదు. మనచేత ఇప్పించడానికి, ఇచ్చే గుణాన్ని మనకు అలవరచడానికి ఆయన ఒక మెట్టు దిగి అప్పులవానిగా నిలబడ్డాడు. ఈ గాథను నేను ఇట్లాగే అర్థం చేసుకొన్నాను.

మొక్కులు, భయం

ఈ విచారణ కేవలం పండితుల వినోదం కాదు. ఒకనాడు ప్రవచనం ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు నా దగ్గరకు వచ్చింది. కొడుకు జబ్బు తగ్గితే స్వామికి వెండి కిరీటం చేయిస్తామని ఆమె భర్త మొక్కుకొన్నాడట. కొడుకు కోలుకొన్నాడు. భర్త కాలం చేశాడు. కిరీటం చేయించే శక్తి ఆమెకు లేదు. అప్పటినుండి ఇంటిలో చిన్న జ్వరం వచ్చినా, పాడి ఆవు ఒట్టిపోయినా, స్వామి ఆగ్రహించాడని వణికిపోతున్నది.

అమ్మా, పూజా విధానంలో వస్త్రం లేనప్పుడు ఏమి సమర్పిస్తారో చూశారా అని అడిగాను. 'అక్షతలు' అన్నది. అవును. వస్త్రానికి బదులు అక్షతలు, ఆభరణానికి బదులు అక్షతలు. స్వామికి నిజంగా వస్త్రమే కావలసి ఉంటే నాలుగు బియ్యపు గింజలతో సరిపెట్టుకొంటాడా? పూజ చివర మంత్రలోపం, క్రియాలోపం, భక్తిలోపం మన్నించమని కూడా వేడుకొంటాము. లోపాలు లెక్కగట్టి శిక్షించేవాడైతే ఆ ప్రార్థనకు చోటే ఉండదు. శక్తి ఉన్నవాడు మొక్కు తప్పక తీర్చాలి. ఆ వస్తువు లేక స్వామికి గడవదని కాదు, ఇచ్చిన మాట నిలుపుకోవడం ధర్మం కనుక. శక్తి లేనివారికి శాస్త్రం అనుకల్పాన్ని, అంటే ప్రత్యామ్నాయాన్ని అనుమతించింది. ఒక పత్రం పెట్టి నమస్కరించి నిశ్చింతగా ఉండమన్నాను. ఆమె ముఖంలో అప్పుడు కనబడిన తేటదనాన్నే నేను ప్రసాదమని పైన వ్రాశాను.

దాతలకు, నిర్వాహకులకు

స్వామికి అవసరం లేదన్నారు కనుక ఇక ఇవ్వనక్కరలేదని దాతలు భావించరాదు. స్వామికి అవసరం లేని ధనం స్వామి పేరున వచ్చిందంటే, అది అవసరమున్నవారికి చేరవలసిన ధనమని అర్థం. దీపానికి నూనె, అర్చకునికి జీవనం, దూరం నుండి వచ్చిన యాత్రికునికి నీడ, నీరు, పిడికెడన్నం, గోవులకు గ్రాసం వీటన్నింటికీ ఆ సొమ్మే ఆధారం. దేవాలయ నిర్వహణ చేపట్టినవారు కూడా ఈ దృష్టితోనే ప్రతి రూపాయినీ చూడాలి.

భాగవతం తృతీయ స్కంధం 29వ అధ్యాయంలో కపిల భగవానుడు తల్లి దేవహూతికి ఒక హెచ్చరిక చేశాడు. సర్వప్రాణులలో ఉన్న తనను అవమానించి విగ్రహాన్ని మాత్రమే అర్చించేవాడు బూడిదలో హోమం చేస్తున్నాడన్నాడు. దర్శనపు వరుసలో ముందున్న ముసలమ్మను తోసి ముందుకు దూరినవాడు గర్భాలయం చేరేసరికి స్వామిని వరుసలోనే దాటి వచ్చాడు. లక్ష రూపాయలు సమర్పించి ఇంటిలో పనివారి జీతం ఎగవేసినవాని లెక్కా అంతే. దానం బేరం కారాదు. 'ఇంత ఇస్తాను, ఇది చేసిపెట్టు' అని అడగడం అంటే, ఏమీ అవసరం లేనివానితో వ్యాపారం పెట్టుకోవడమే. ఏ సరుకూ అక్కరలేనివానికి మనం ఏమి అమ్మగలము?

సిద్ధాంతం

సారాంశం ఇది. భగవంతునికి మన పూజ అవసరం లేదు. మనకు అవసరం. ప్రేమతో చేస్తే ఆయనకు ఇష్టం కూడా. అవసరం లేదని తెలిస్తే మనలోని భయమూ బేరమూ తొలగుతాయి. ఇష్టమని తెలిస్తే అశ్రద్ధ తొలగుతుంది. ఈ రెండూ తెలిసినవాని చేతిలో తులసిదళమైనా, వజ్రకిరీటమైనా ఒకే బరువు తూగుతాయి.

ఈసారి స్వామి సన్నిధిలో నిలబడినప్పుడు కోరికల పట్టీ విప్పడానికి ముందు ఒక్క క్షణం ఆగండి. అంతవరకు మీకు అందినవాటిలో ఒక్కదానిని తలచుకొని, 'ఇది నీవిచ్చినది, నాకు అందింది' అని విన్నవించండి. నివేదన అంటే అదే. దానికి టిక్కెట్టు లేదు, వేళా లేదు.

స్వస్తి.