కనబడుట, చూచుట, చూడగలుగుట

విద్యార్థులారా! తరగతిలో నొకనాడు మేమొక చిన్న వాక్యము నిచ్చి, దానిని ఇంగ్లీషులో వ్రాయుడని చెప్పితిమి. “నాకు మహేంద్రగిరి కనబడుచున్నది” అనునదియే యా వాక్యము. పలాస, మందస ప్రాంతములవారికి ఉత్తరదిక్కున నిలిచియుండు నీ కొండ పసితనమునుండియు పరిచితమైనదే. అయినను వచ్చిన సమాధానములు మూడు విధములుగా నుండెను. ఒకడు “మహేంద్రగిరి ఈజ్ సీయింగ్ టు మీ” అని వ్రాసెను. అట్లయినచో కొండయే కన్నులు తెరచి చూచుచున్నదని యర్థము! రెండవవాడు “ఐ యామ్ సీయింగ్ మహేంద్రగిరి” అనియు, మూడవవాడు “ఐ యామ్ లుకింగ్ మహేంద్రగిరి” అనియు వ్రాసిరి. ఈ తప్పులకు కారణము తెలివితక్కువ గాదు. మన తెలుగు నడకయే.

తెలుగులో కనబడు వస్తువే కర్త. చూచువాడు “నాకు” అని ప్రక్కన నిలుచును. ఇంగ్లీషులో నట్లుగాక, చూచువాడే కర్తయై ముందు నిలుచును. అతని కంటికి గల శక్తిని “కెన్” అను మాట తెలుపును. కావున సరియైన వాక్యము “ఐ కెన్ సీ మహేంద్రగిరి.” ఇచ్చట “కెన్” ఉన్నది గదా యని “చూడగలను” అని భావింపరాదు, ఈ క్షణమున కొండ కంటికి ఆనుచున్నదనియే భావము. కంటిచూపును చెప్పునప్పుడు “సీ” అను క్రియకు “ఇంగ్” చేర్చుట సాధారణముగా లేదు.

బుద్ధిపూర్వకముగా చూపు నిలుపుట “లుక్ ఎట్”. కదలుచున్నదానిని కనిపెట్టి చూచుచుండుట “వాచ్”. భావనపాడు తీరమున నిలిచినవాడు “ఐ లుక్డ్ ఎట్ ది సీ, బట్ ఐ కుడ్ నాట్ సీ ది బోట్” అనవచ్చును. అతడు సముద్రమువైపు చూచెను. పడవ మాత్రము కనబడలేదు. చూచుట మన ప్రయత్నము. కనబడుట దాని ఫలము. ప్రయత్నమున్నచోట నెల్ల ఫలముండదు.

ఇక భూతకాలము. “కెన్” భూతకాలమున “కుడ్” అగును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకు చేరువగా తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసెను. అటుతరువాత ఒక విద్యార్థి తన వ్యాసములో నిట్లు వ్రాసెను: “బిఫోర్ ది సైక్లోన్ వుయ్ కుడ్ నాట్ సీ ది సీ ఫ్రమ్ అవర్ డోర్. నౌ వుయ్ కెన్ సీ ఇట్.” వ్యాకరణమున నొక్క దోషమును లేదు. మేము ఎఱ్ఱసిరా కలమును క్రింద నుంచి కొంతసేపు ఊరకుంటిమి. సముద్రము కనబడుచున్నదనగా నడుమనున్న తోట పోయినదని గదా యర్థము!

అడ్డంకిని దాటి యొక పర్యాయము సాధించిన పనిని చెప్పవలసినప్పుడు “వజ్ ఏబుల్ టు” అనునది తగును. టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు చలికాలమున పక్షులను చూడబోయినవారు మంచు విడువఱకు వేచియుండి, “ఎట్ లాస్ట్ వుయ్ వర్ ఏబుల్ టు సీ ది పెలికన్స్” అందురు. “సీ” వంటి ఇంద్రియక్రియలకు “కుడ్” కూడ చెల్లును. కాని “వర్ ఏబుల్ టు” అన్నప్పుడు ఆ నిరీక్షణయు, శ్రమయు స్ఫురించును.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది వ్యతిరేకార్థమున. దీనిని మేము మా తప్పువలననే నేర్చుకొంటిమి. కొన్నియేండ్లక్రిందట మా తరగతిలో ఉద్దానపు గ్రామమునుండి వచ్చిన యొక బాలుడు వెనుక బల్లపై కూర్చుండెడివాడు. నల్లబల్లపై వ్రాసినది ఎత్తి వ్రాయలేదేమని యడుగగా, “సర్, ఐ డిడ్ నాట్ సీ ది బోర్డ్” అనెను. బల్లవైపు చూడనేలేదని చెప్పుచున్నాడనుకొని, మేము వానిని నిలువబెట్టితిమి. మూడు దినములు ఇదే ప్రశ్న, ఇదే సమాధానము, ఇదే శిక్ష. నాలుగవ దినమున తెలుగులో నడిగితిమి: “ఎందుకు చూడలేదు బాబూ?” వాడు కన్నీరు నించి, “చూసేనండి మాస్టారూ, అక్షరాలే కనబడలేదు” అనెను.

“కనబడలేదు” అను నొక్క మాటలో తెలుగు రెండర్థములను దాచుకొనియున్నది. కంటబడలేదనుట యొకటి, కంటికి ఆనలేదనుట యొకటి. వాడు “ఐ కుడ్ నాట్ సీ ది లెటర్స్” అనవలసియుండెను. కాని వానికి “సీ, సా, సీన్” అని వల్లెవేయించిన మేము “కుడ్ నాట్” యొక్క యక్కఱను చెప్పియుండలేదు. తప్పు వానిది కాసంత, మాది కొండంత. వానిని ముందు బల్లకు మార్చితిమి. తల్లిదండ్రులకు చెప్పి కన్నులు పరీక్ష చేయించితిమి. కండ్లద్దములు వచ్చిన దినమున వాడు నల్లబల్లను చూచి, ఎవరును అడుగకయే “నౌ ఐ కెన్ సీ, సర్” అనెను. ఆ వాక్యమునకు మేము మార్కులు వేయలేదు. వేయుటకు మాకు అర్హత లేదనిపించెను.

భవిష్యత్తునకు “విల్ కెన్” అను రూపము లేదు. “విల్ బి ఏబుల్ టు” అనవలెను. కంటి శుక్లము తీయించుకొనబోవు ముసలమ్మను గూర్చి “షి విల్ బి ఏబుల్ టు సీ హర్ గ్రాండ్‌సన్” అని చెప్పవచ్చును.

అభ్యాసము. ఈ క్రింది వాక్యములను ఇంగ్లీషులో వ్రాయుడు.

1. రైలు కిటికీలోనుండి మాకు జీడితోటలు కనబడుచున్నవి.
2. దీపము లేనందున మెట్లు కనబడలేదు.
3. ఎంతో వెదకిన తరువాత వాడు తన తమ్ముని చూడగలిగెను.
4. నేను బల్లవైపు చూచితిని గాని అక్షరములు కనబడలేదు.

నాలుగవ వాక్యమును వ్రాయునప్పుడు, మీ ప్రక్కనున్న నేస్తునికి బల్ల కనబడుచున్నదో లేదో యొకపరి యడుగుడు.