గుర్రం కాలు మార్చుకునే క్షణం

నేను పందేలు కాయను గానీ, గుర్రప్పందేల వీడియోలు స్లో మోషన్‌లో తెగ చూస్తాను. అందులో అర్థమైన విషయం ఇది.

రేసులో ‘లీడ్’ అంటే అందరికంటే ముందుండటం అనుకుంటాం కదా? దానికి ఇంకో అర్థం ఉంది. దౌడులో గుర్రం ముందు కాళ్ళు రెండూ ఒకేసారి నేల తాకవు. ఒకటి పడ్డాక, రెండోది దాన్ని దాటి ఇంకా ముందుకు చాచి పడుతుంది. చివర పడే ఆ కాలే లీడ్.

అమెరికాలో రేసులు ఎడమవైపు తిరుగుతాయి. మలుపులో ఎడమ లీడ్ ఉంటే గుర్రానికి బ్యాలెన్స్ కుదురుతుంది. కానీ అడుగులు ఒకే వరుసలో పడీ పడీ అవే కండరాలు అలిసిపోతాయి. అందుకే స్ట్రెయిట్‌లోకి రాగానే కుడి లీడ్‌కి మారాలి. హాస్టల్ మెట్ల మీద వాటర్ క్యాన్ మోస్తూ మధ్యలో చెయ్యి మార్చుకుంటాం చూడండి, అలాగన్నమాట. బరువు తగ్గదు, కానీ ఇంకో ఫ్లోర్ ఎక్కే ఓపిక వస్తుంది.

జాకీ నైపుణ్యం తెలిసేది ఇక్కడే. నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న క్షణంలో గుర్రం వరుస మార్చుకోవాలి. దానికి కాస్త ముందే అతను తన బరువు కొద్దిగా జరిపి, కళ్ళెంతో సైగ చేస్తాడు. మలుపు పూర్తికాకుండానే తొందరపెడితే గుర్రం బయటికి జరిగిపోతుంది. ముందు కాళ్ళు మారి వెనక కాళ్ళు మారకపోతే లయ తప్పుతుంది.

కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్‌లో చివరి స్ట్రెయిట్ సుమారు 376 మీటర్లు. అంగకి 6 మీటర్లు వేసుకున్నా 60 పైచిలుకు అంగలే. అలిసిన కాలు మార్చనివ్వకుండా కొరడా ఝుళిపిస్తే, గుర్రం బద్ధకిస్తోందని చూసేవాళ్ళు అనుకుంటారు. పాపం, దానికి కావలసింది దెబ్బ కాదు, ఒక్క సైగ.

ఈసారి రేసు వీడియో కనబడితే, మలుపు దాటే చోట స్పీడ్ తగ్గించి ముందు కాళ్ళు చూడండి.