రిపోర్టులో "స్ట్రిక్చర్" అని ఉంటే ఏమిటి అర్థం?



కడుపు స్కానింగు రిపోర్టు చేతికి రాగానే మీలో చాలామంది అడిగేది ఒక్కటే: "సిస్టర్, ఇది క్యాన్సరా?" స్ట్రిక్చర్ అంటే ప్రేగు ఒకచోట ఇరుకైందని అర్థం. అల్సర్ అంటే లోపలి పొరలో పుండు. ఈ మాటలు ప్రేగు ఎలా ఉందో చెబుతాయి గాని, ఎందుకలా అయిందో చెప్పవు. క్యాన్సర్ వల్ల ఇరుకు ఏర్పడవచ్చు, కాని చిన్న ప్రేగులో వేరే కారణాలే ఎక్కువ.

చిన్న ప్రేగు సుమారు 6 మీటర్ల మెత్తని గొట్టం. పుండు మానేటప్పుడు మచ్చకట్టి ముడుచుకొంటే దారి సన్నబడుతుంది. పురానాపూల్ పాత వంతెన మీద కూరగాయల బేరాల వేళ మీరు చూసే ఉంటారు, జనం ఇరుకులో కాదు, ఇరుకుకు ముందే గుమిగూడతారు. ప్రేగు కూడా ఇరుకుకు పైభాగంలో ఉబ్బుతుంది. 3 సెంటీమీటర్లు దాటి వెడల్పైతే రేడియాలజిస్టు దానిని రిపోర్టులో వ్రాస్తారు. తిన్న కొంతసేపటికి మెలిపెట్టే నొప్పి, గుడగుడ, ఆపైన వాంతి వచ్చేది ఇందువల్లనే.

పూర్వం బేరియం అనే తెల్లని మందు త్రాగించి వరుసగా ఎక్స్‌రేలు తీసేవారు. ఇరుకు దారి అందులో దారంలాగా కనబడేది. ఇప్పుడు ఎక్కువగా సి.టి. ఎంటెరోగ్రఫీ చేస్తున్నారు. దీనికి సుమారు లీటరున్నర ద్రవం గంటలోపు త్రాగాలి. రోగిమీద జాలిపడి సగం పారబోసేవారిని నేను చూస్తూనే ఉన్నాను. దయచేసి అలా చేయకండి. ప్రేగు విచ్చుకోకపోతే ఆరోగ్యంగా ఉన్న భాగం కూడా జబ్బుగా కనబడుతుంది. నిజంగా త్రాగలేక వాంతి అవుతుంటే సిబ్బందికి చెప్పండి. గర్భం, కిడ్నీ జబ్బు, షుగరు మాత్రలు, పూర్వం సూదిమందు పడకపోవడం, ఇవన్నీ అడగకముందే చెప్పాలి.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మన దేశంలో ఇటువంటి పుండ్లకు, ఇరుకుకు ముఖ్య కారణాల్లో ఒకటి ప్రేగు టి.బి. మరొకటి క్రోన్స్ జబ్బు, 1932లో న్యూయార్కు వైద్యుడు క్రోన్, ఆయన సహచరులు వర్ణించినది. రెండూ చిన్న ప్రేగు పెద్ద ప్రేగుతో కలిసే చోటనే ఎక్కువగా వస్తాయి. టి.బి.లో ఇరుకు సాధారణంగా పొట్టిగా ఉంటుంది, ప్రక్కన గ్రంథులు పెరిగి మధ్యలో మెత్తబడి కనబడవచ్చు. క్రోన్స్‌లో జబ్బు పొడవుగా, మధ్య మధ్య మంచి భాగాన్ని విడిచి విడిచి ఉంటుంది. అయినా ఫిలిం ఒక్కటే చూసి తేల్చడం నిపుణులకే కష్టం. టి.బి.ని క్రోన్స్ అనుకొని స్టీరాయిడ్లు ఇస్తే టి.బి. ఒళ్లంతా పాకవచ్చు. క్రోన్స్‌ను టి.బి. అనుకొంటే నెలలు గడచి ఇరుకు ముదురుతుంది. అందుకే కొలనోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. "దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది" అని టి.బి. లేదనుకోవద్దు.

నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడినా చిన్న ప్రేగులో పుండ్లు, ఇరుకు రావచ్చు. మందుల షాపులో కొన్నవి కూడా డాక్టరుగారికి చెప్పండి. మింగే కెమెరా మాత్ర ఇరుకులో చిక్కుకుపోతుంది గనుక, దానికి ముందు ఇరుకు సంగతి తేల్చుకోవాలి.

టి.బి. అని తేలితే ఆడపిల్ల పెళ్లి చెడిపోతుందని దాచే ఇళ్లు ఉన్నాయి. దాచవద్దు. ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం, సాధారణంగా 6 నెలలు. 2024 నవంబరు నుండి పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. రెండు మూడు నెలల్లో పుండ్లు మానాలి. మానకపోతే డాక్టరుగారు మళ్లీ ఆలోచిస్తారు. పుండు మానినా ఇరుకు మిగిలిపోవచ్చు. దానిని బెలూనుతో వెడల్పు చేయవలసి రావచ్చు, లేదా ఆపరేషను.

మందులు వాడుతూ ఉన్నా కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే విరేచనాల మందు ఇవ్వవద్దు. నోటికి ఏమీ పెట్టక, అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి తీసుకురండి. పాత ఫిలింలన్నీ వెంట తెండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.