మన జాకెట్టు మనమే కుట్టుకున్న ఏడాది

టీ కలుపుకున్నావా చెల్లాయ్? ఇలా వచ్చి కూర్చో. పోయిన సంక్రాంతి వెళ్లాక, ఇక నా బట్టలు నేనే కుట్టుకుంటానని పంతం పట్టాను కదా. మళ్లీ సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. కనపడ్డ ప్రతివాళ్లూ "ఏమాత్రం మిగిలిందేంటి?" అని అడుగుతున్నారు. డబ్బు మాట ముందు తేల్చేసుకుంటే మిగతా కబుర్లు తీరిగ్గా చెప్పుకోవచ్చు.

జాకెట్ల దగ్గర మిగిలింది, అందులో అనుమానం లేదు. లైనింగు జాకెట్టు కుట్టుకూలి ఇవాళ బట్ట ఖరీదుని మించిపోతోంది కదా. లంగాల దగ్గరా కాస్త మిగిలింది. నైటీల దగ్గర మాత్రం సున్నా. బజారులో కుట్టి వేలాడదీసిన నైటీ అంత చవగ్గా దొరుకుతుంటే, బట్టా దారం కొని నడుం నొప్పి కూడా తెచ్చుకోవడం దేనికి? ఇంట్లో మెత్తటి పాత చీర ఉంటే సరే, లేకపోతే నైటీలు కొనేసుకో. నేనూ పంతం అక్కడ సడలించాను.

మిగిలిన డబ్బుకి గండం ఏంటంటే ద్వారపూడి. మన మండపేట మండలంలోనే అంత హోల్‌సేల్ బట్టల బజారు పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చోగలమా? ఎక్కడెక్కడి వాళ్లో బళ్లు కట్టుకుని వచ్చి పెళ్లి బట్టలు కొనుక్కెళుతుంటే, అక్కడి అయ్యప్ప గుడికని బయల్దేరి బట్టల సంచితో తిరిగొచ్చేవాళ్లం మనం. పైగా తాపేశ్వరం కాజాల ఖర్చొకటి. తాను విప్పి మన ముందు పరిచాడంటే చాలు, "ఇది చుడీదారుకి, ఇది పిల్లకి గౌనుకి" అంటూ చింపించేసుకుంటాం. ఇంటికొచ్చాక అవన్నీ బీరువా కింది అరలో చేరతాయి. తలుపు తీసినప్పుడల్లా కుట్టలేదే అన్న బెంగ. నీకూ ఉందా? దానికి మందు చెప్తాను విను. ఉన్న బట్ట కుట్టి, వేసుకుని, ఒకసారి ఉతికాకే కొత్త బట్ట కొనాలి. ఉతకడం ఎందుకంటే, కాటను సంగతి నీళ్లలో పడితేగాని బయటపడదు. లైనింగు బట్టని కత్తెర పెట్టకముందే ఒక రాత్రి నానేసి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసుకో. లేకపోతే పైబట్ట ఉన్నట్టే ఉండి లోపలిది కుదించుకుపోయి, మొదటి ఉతుక్కే జాకెట్టంతా ముడతలు పడుతుంది.

"అవన్నీ సరే అక్కా, బట్టకి కత్తెర పెట్టాలంటేనే చెయ్యి వణుకుతోంది" అంటావు. వణకదూ మరి? అంచేత మొదట జాకెట్టు జోలికే పోకు. ఆరు ముక్కల లంగాతో మొదలుపెట్టు. అన్నీ తిన్నటి కుట్లే. పైన నాడా పట్టీ, కింద మడత, అంతే. ముక్కలు పైన సన్నంగా, కింద వెడల్పుగా ఉంటాయి కాబట్టి నడుం దగ్గర కుచ్చు లేకుండానే కింద గేరు వచ్చేస్తుంది. కుట్టు వంకర పోయిందా, చీర కిందే కదా, ఎవరు చూడొచ్చారు? చెయ్యి కుదిరాక ఆది జాకెట్టు తీసి పాత పేపరు మీద పరిచి గీసుకో. ఆ కొలతకి ముందు చిరిగిన దుప్పటో పాత చీరో కోసి కుట్టి చూసుకో.

కుట్టాక వేసుకుని చేతులు పైకెత్తు. జాకెట్టంతా చేతులతో పాటు లేచిపోతోందా? చంకలో పట్టేస్తోందా? అప్పుడు మనకి తోచేది ఒకటే, చంకని ఇంకాస్త లోతుగా కోసెయ్యడం. కోస్తే ఇంకా పట్టేస్తుంది! చంక గుంట ఎంత కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు పక్క కుట్టుని అంత పైకి లాగుతుంది. గుంట ఒంటికి దగ్గరగా, పైకి ఉండాలి. చెయ్యి ముక్క మాత్రం కండ దగ్గర వెడల్పుండాలి. వంటింట్లో పై అర మీది కారం డబ్బా హాయిగా అందుకోగలిగితే జాకెట్టు కుదిరినట్టే. అద్దం మాట తర్వాత.

ఇంతకీ ఈ ఏడాది నాకు మిగిలిందేంటో అసలు చెప్పనేలేదు. షాపులో ఎల్లు పట్టక ఎక్సెల్లు అడిగేటప్పుడు మన గొంతు ఎందుకు తగ్గిపోతుంది చెప్పు? చొక్కా మనకి సరిపోకపోతే, మనమే చొక్కాకి సరిపోలేదన్నట్టు తలొంచుకుని బయటికొస్తాం. ఇంట్లో టేపు పట్టుకున్నాక ఆ సిగ్గు నాకు పోయింది. నా ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త దిగి ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ పక్క మెడ జారిపోతుంటే పిన్నీసులతో నెట్టుకొచ్చాను. చాలామందికి రెండు భుజాలూ ఒక్కలా ఉండవుట. భుజం కుట్టు అటుపక్క పావంగుళం దించాను, పిన్నీసు పని తప్పింది.

మన టైలర్లు జాకెట్టు పక్కల లోపల బట్ట వదిలి, రెండు మూడు వరసలు కుట్టేస్తారు, గమనించావా? పురుడొస్తుంది, థైరాయిడ్ వస్తుంది, ఊరికే వయసూ వస్తుంది. అప్పుడు ఒక వరస విప్పుకుంటే సరి. రెడీమేడు వాళ్లు అంత బట్ట వదలరు. మన ఒళ్లు మారుతుందని ముందే తెలిసి వేసిన కుట్టు అది. నువ్వు కుట్టుకున్నా ఆ బట్ట వదులుకో. కొలతలు రాసిన కాగితం మీద తేదీ వేసుకో. అంకె పెరిగిందని ఆ రాత్రి అన్నం మానెయ్యడాలు మాత్రం వద్దు, నేనొప్పుకోను.

ఇక మిషను చప్పుడు వీధిలోకి వినపడ్డాక ఇంకో తంటా. "ఖాళీయేగా, ఈ ఫాలు కుట్టిపెట్టవూ" అంటూ ఒకరి తర్వాత ఒకరు వస్తారు. కాదనలేక రాత్రి పొద్దుపోయేదాకా కుడతాం, మన జాకెట్టు అలాగే పడుంటుంది. గోదావరి అవతల నర్సాపురం లేసు ఉంది చూడు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అది అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో పుస్తకమే రాసింది. వాళ్లు గంటల తరబడి అల్లేది విదేశాలకి వెళుతున్నా, ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసుకునే పనేగా అనుకోబట్టే వాళ్ల చేతికి అంత తక్కువ వచ్చిందని ఆవిడ తేల్చింది. మన ఫాలు సంగతీ అంతే. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ఇందులో ఎంత పనుందో తెలియక అడుగుతారు. నవ్వుతూనే "ఫాలుకి ఇంత తీసుకుంటున్నాను వదినా" అను. ఇస్తారు. అక్కచెల్లెళ్లకి ఊరికే కుట్టిపెట్టడం నీ ముచ్చట, దానికి నేనడ్డం రాను.

మిషను గురించి ఒక్క మాట. కుట్టు మధ్యమధ్యలో తప్పిపోతుంటే మెకానిక్కుకి ఫోను చేసేముందు సూది మార్చి చూడు. అరిగిన సూదినే ఏడాదంతా లాగించేవాళ్లం మనం! పల్చటి బట్టకి 11, మామూలు కాటనుకి 14, జీన్సు గుడ్డకి 16.

లంగాకి పనికొచ్చే బట్ట బీరువాలో లేకపోతేనే ఈ వారం ద్వారపూడి వెళ్లు. రెండున్నర మీటర్ల పాప్లిన్, అదే రంగు దారం రీలు, 14 నంబరు సూదుల ప్యాకెట్ తెచ్చుకో. ఇంకేదీ ముట్టుకోకు. పట్టుచీర జాకెట్టు మాత్రం ఈ ఏడాదికి టైలరుకే ఇచ్చెయ్. పట్టులో కుట్టు విప్పితే సూది చిల్లులు అలాగే ఉండిపోతాయి.