మాంసం లేని హలీమ్ : ఒక పరిశీలన

ఆహారం ఆకలిని తీర్చుటయే గాక మనుషులను ఒకచోట కూర్చుండబెట్టును. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ పదిమంది కూర్చున్నప్పుడు అందులో ఒకరి పళ్లెం ఖాళీగా ఉన్నచో ఆ విందు ఎంత గొప్పదైనను కొరత గలదే. కొన్నేళ్ల క్రితం రంజాన్ మాసంలో మా ఇంటికి ఇఫ్తారునకు ఒక యువమిత్రుడు వచ్చినాడు. అతడు మాంసమే గాక పాలు, పెరుగు, నేయి, తేనె సైతం విడిచిపెట్టినవాడు. అందరూ హలీమ్ ఆరగించుచుండగా అతడు రెండు ఖర్జూరాలతో, నాలుగు పండ్ల ముక్కలతో సరిపెట్టుకొన్నాడు. మా అమ్మీకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. “వచ్చిన అతిథి అర్ధాకలితో వెళ్లినాడు బేటా” అని ఆమె పలుమార్లు అన్నది. ఈ పరిశీలనకు మూలం ఆ మాటయే.

జంతువుల నుండి లభించు ఏ పదార్థమును స్వీకరించనివారిని నేడు ‘వీగన్’ అని వ్యవహరించుచున్నారు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు ఈ పదమును వాడుకలోనికి తెచ్చినారు. మన ‘శాకాహారం’లో పాలకు, నేతికి చోటున్నది, ఇందులో లేదు. ఈ భేదమును వంటచేయువారు ముందుగా గ్రహించవలెను.

పేరులోని అర్థం

హలీమ్‌కు పూర్వరూపం అరబ్బుల ‘హరీస్’. పదవ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన వంటల గ్రంథంలోనే దీని ప్రస్తావన గలదు. నిజాముల కాలంలో హైదరాబాదునకు వచ్చి బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన అరబ్బు కుటుంబాలలో హరీస్ నేటికీ సజీవంగా ఉన్నది. హరీస్ అను మాట ‘దంచుట’ అను అర్థమిచ్చు ధాతువు నుండి పుట్టినది. అనగా ఆ పేరు చెప్పునది దినుసును గాదు, పనిని. గోధుమను నానబెట్టి, ఉడికించి, కట్టెతో మెదిపి ఏకముద్దగా చేయుటయే దీని ప్రాణం. మాంసం విడిచినను ఈ పని విడువరాదు.

ఈ సంగతి తెలియక నేను మొదటిసారి కేవలం పనసకాయ ముక్కలను మసాలాతో ఉడికించి గోధుమ నూకలో కలిపినాను. అమ్మీ రుచి చూచి, “ఇది పనసకూర. హలీమ్ గాదు” అని గిన్నె పక్కకు నెట్టినది. ఆమె తీర్పు న్యాయమైనదే. మాంసం ఉన్నచోట మరొక వస్తువును ఉంచితినే గాని, మాంసం ఆ వంటలో ఏమేమి పనులు చేయుచున్నదో నేను ఆలోచించలేదు.

మాంసం చేయు నాలుగు పనులు

మొదటిది జిగురు. మాంసంలోని కొలాజన్ నెమ్మదిగా ఉడికి జెలటిన్‌గా మారును. హలీమ్ పెదవులకు అంటుకొనుటకు ఇది ఒక కారణం. మినపప్పునకు ఈ జిగురు సహజంగా ఉన్నదని గారెలపిండి రుబ్బిన ప్రతి గృహిణికి తెలియును.

రెండవది పీచు. లేత పనసకాయ ఉడికిన పిదప మాంసపు పోగులవలె విడివడును.

మూడవది రుచిలోని గాఢత. దీనికి ప్రధాన కారణమైన గ్లుటమేట్‌ను 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా సముద్రపు నాచు రసంలో గుర్తించినాడు. టమాటాలలో, పుట్టగొడుగులలో కూడ ఇది గలదు. ఉల్లిపాయలు ఎర్రగా వేగినప్పుడు పుట్టు కమ్మదనం దీనికి తోడగును.

నాలుగవది కొవ్వు. సుగంధ ద్రవ్యాల వాసనను మోయునది ఇదే. నేతికి బదులుగా ఉల్లిపాయలు వేయించిన వేరుశనగ నూనెను, జీడిపప్పు ముద్దను వాడవచ్చును. ఇది మనకు కొత్త విద్య గాదు. నువ్వులు, పల్లీలు, కొబ్బరి నూరి వండు బగారా బైంగన్‌లో మన పెద్దలు మాంసం గాని వెన్న గాని లేకయే చిక్కదనం సాధించినారు.

తయారుచేయు విధానం

ఎనిమిదిమందికి గోధుమ నూక 250 గ్రాములు. శనగపప్పు, ఎర్రపప్పు, మినపప్పు ఒక్కొక్కటి 50 గ్రాములు. వీనిని మూడు గంటలు నానబెట్టి, రెండున్నర లీటర్ల నీటిలో మెత్తగా ఉడికించవలెను. చేతులకు నూనె రాచుకొని, 400 గ్రాముల లేత పనసకాయ ముక్కలు కోసి, వేరుగా ఉడికించి పోగులు తీయవలెను. 100 గ్రాముల మీల్‌మేకర్‌ను ఉప్పునీటిలో మరిగించి రెండుసార్లు గట్టిగా పిండినచో పచ్చివాసన పోవును. పిదప కచ్చాపచ్చాగా నూరుకొనవలెను.

150 మిల్లీలీటర్ల నూనెలో అరకిలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి సగం తీసి పక్కన ఉంచవలెను. మిగిలిన దానిలో అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, షాజీరా, దాల్చినచెక్క, యాలకులు, తోకమిరియాలు వేసి, తరిగిన పుట్టగొడుగులు, రెండు టమాటాలు, మీల్‌మేకర్ చేర్చి నీరు ఇగురువరకు వేయించవలెను. దీనిని, పనస పోగులలో సగమును గోధుమ పప్పులలో కలిపి కట్టెతో మెదపవలెను. అడుగంటకుండ సన్నని సెగపై గంటన్నర ఉంచి నడుమ నడుమ మెదుపుచుండవలెను. చివర మిగిలిన పనస పోగులు, 50 గ్రాముల జీడిపప్పు ముద్ద, తగినంత ఉప్పు, పుదీనా, కొత్తిమీర కలిపి దింపవలెను. పైన వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసం.

పోషణ విషయం

పనసకాయ పీచు మాంసంవలె కనబడినంత మాత్రాన మాంసమంత బలమిచ్చునని భ్రమపడరాదు. వంద గ్రాముల లేత పనసలో మాంసకృత్తులు రెండు మూడు గ్రాములకు మించవు. ఎండు మీల్‌మేకర్‌లో బరువులో దాదాపు సగం ఉండును. గోధుమలో లైసిన్ తక్కువ, పప్పులలో ఎక్కువ. రెండును కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి తీర్చును. అయితే విటమిన్ బి-12 ఈ గిన్నెలో లేదు. జంతు సంబంధమైన ఆహారం పూర్తిగా మానినవారు దానిని మాత్రల రూపంలోనో, అది చేర్చిన ఆహారం ద్వారానో తప్పక పొందవలెను. ఎదుగుచున్న విద్యార్థులు ఈ మాటను మరువరాదు.

నిజాయితీ

2010లో హైదరాబాదు హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గౌరవం మాంసంతో చేసిన వంటకానిది. కావున మన వంటకమును ‘మాంసం లేని హలీమ్’ అని చెప్పియే వడ్డించుట ధర్మం. మాంసం తినువానికి ఇది మాంసమని చెప్పి పెట్టుట ఎంత తప్పో, నేయి తగిలిన గరిటెను ఈ గిన్నెలో ముంచి వీగన్ అతిథికి పెట్టుట అంతే తప్పు. గిన్నె వేరు, గరిటె వేరు ఉండవలెను. జీడిపప్పు, సోయా సరిపడనివారు కొందరుందురు. వారికి ముందే తెలుపవలెను.

మరుసటి రంజాన్‌లో ఆ మిత్రుని మరల పిలిచితిమి. గిన్నె ముందుకు రాగానే అతడు సంకోచంతో, “ఇందులో నేయి ఉన్నదా అమ్మా?” అని అడిగినాడు. “లేదు బేటా, గరిటె కూడ కొత్తదే” అని అమ్మీ సమాధానం చెప్పినది. అతడు బిస్మిల్లా అనువారి నడుమ కూర్చుండి, తన పద్ధతిలో కనులు మూసి నమస్కరించి తిన్నాడు. అమ్మీ కూడ ఆ గిన్నెలోనిదే కొంచెం తన పళ్లెంలో వేసుకొన్నది. మెచ్చుకొనలేదు గాని, పళ్లెంలో మెతుకు మిగల్చలేదు.

వివిధ మతములవారు, వివిధ నియమములు గలవారు కలిసి చదువుకొను కళాశాలలలో వార్షికోత్సవ విందులు జరుగుచుండును. ఎవరి నియమం వారు విడువకయే అందరూ ఒకే పంక్తిలో కూర్చుండుటకు వేరొక గిన్నె, వేరొక గరిటె, కొంత ఓర్పు చాలును. ఓర్పు గలవానిని అరబ్బీలో హలీమ్ అనియే అందురు.