అమెరికా చేరిన మొదటి నాలుగు రోజులు

మన సంఘ కుటుంబాలలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. పురుడు పోయడానికని కొందరు, మనుమలను చూసి నాలుగు ఊళ్ళు తిరిగి రావాలని మరికొందరు తల్లిదండ్రులు వెళ్తున్నారు. వెళ్ళే ముందు మన ఓ.పి.కి వచ్చి నెలల తరబడి సరిపడా మందులు రాయించుకుంటారు. సూట్‌కేసు ఎన్ని కిలోలుండాలో, పచ్చళ్ళు ఎలా కట్టాలో అన్నీ తెలుసుకొనే వస్తారు. దిగిన మొదటి మూడు నాలుగు రోజులు మాత్ర ఏ వేళకు వేసుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి అని అడిగేవారు మాత్రం తక్కువ. షుగరు, బి.పి. ఉన్న పెద్దవారికి ఆ కొద్ది రోజులే జాగ్రత్తగా గడవవలసినవి. అందుకే ఈసారి పాఠం దాని గురించి.

మన కాలానికి న్యూయార్కు కాలం వేసవిలో 9½ గంటలు, చలికాలంలో 10½ గంటలు వెనుక. డల్లాస్ మరో గంట, కాలిఫోర్నియా మరో మూడు గంటలు వెనుక. అంటే పగలు రాత్రి, రాత్రి పగలు అయినట్టే. చేతి గడియారం ఒక్క నిమిషంలో మార్చుకుంటాం. శరీరంలోని గడియారం మాత్రం రోజుకు సుమారు గంట, గంటన్నర చొప్పునే జరుగుతుంది. నిద్ర, ఆకలి, విరేచనం అన్నీ సర్దుకోవడానికి వారం, ఒక్కోసారి పది రోజులు పడుతుంది. సాయంత్రం ఆరింటికే కళ్ళు మూతలు పడటం, రాత్రి రెండింటికి పూర్తిగా మెలకువ రావడం జబ్బు కాదు. చేరిన రోజు పగలు అరగంటకు మించి పడుకోకండి. ఎండ వెలుతురులో బయట నడవండి. రాత్రి తొమ్మిది వరకైనా మేలుకొని, అక్కడి వేళకే భోజనం చేయండి. శరీరాన్ని దారికి తెచ్చేది వెలుతురే.

నిద్ర పట్టడం లేదని అక్కడి మందుల షాపులో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్రలు కొందరు వేసుకుంటారు. వాటిలో చాలావాటిలో ఉండే డైఫెన్‌హైడ్రమైన్ అనే మందు పెద్దవారికి మంచిది కాదు. మత్తు, తికమక, మూత్రం బిగపట్టడం, లేచినప్పుడు తూలి పడటం దీనివల్ల వస్తాయి. అక్కడి చాలా ఇళ్ళలో పడకగదులు మేడమీద ఉంటాయి. స్నానాల గదిలో నున్నటి తొట్టి ఉంటుంది. కొత్త ఇల్లు, అర్ధరాత్రి, సగం నిద్ర. తుంటి ఎముక విరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? వీలైతే మొదటి వారం కిందిగదిలోనే పడుకోండి. మరుగుదొడ్డి వరకు చిన్న దీపం, తొట్టిలో రబ్బరు చాప పెట్టమని పిల్లలను అడగండి.

ఇక షుగరు మందులు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకొని తిండి ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది. విమానంలో భోజనం ఎప్పుడు వస్తుందో చెప్పలేం కాబట్టి, పళ్ళెం ముందుకు వచ్చిన తరువాతే భోజనానికి ముందు వేసుకునే మాత్ర గాని, సూది గాని. పడమరగా వెళ్ళేటప్పుడు రోజు సాగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కుదించుకుపోతుంది. రోజుకొకసారి తీసుకునే ఇన్సులిన్‌ను ఏ గంటకు, ఎన్ని యూనిట్లు అన్నది మీ డాక్టరు ముందుగానే రాసి ఇవ్వాలి. ఆ మార్పు మీరే ఊహించి చేసుకోకండి. ఫిట్స్ మాత్రలు, రక్తం పలుచబడే మందులు వాడేవారికీ ఇదే మాట. నిద్ర చాలకపోతే ఫిట్స్ రావచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసినది సిరంజి సంగతి. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. అమెరికాలో సీసాలో దొరికేది సాధారణంగా 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత. మీ సీసా పగిలిందని అక్కడి మందు కొని, ఇక్కడి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు! నారింజ మూత సిరంజితో మన మందు 20 గీత లాగితే 8 యూనిట్లే. ఏ దేశపు సీసాకు ఆ దేశపు సిరంజే వాడాలి. ఇన్సులిన్‌ను, మాత్రలను చేతి సంచిలోనే పెట్టుకోండి. విమానం అడుగున వేసే సామానులో ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు, సూట్‌కేసు రాకనూ పోవచ్చు.

తెల్లవారుజామున మూడింటికి చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు వస్తే ప్రయాణ బడలిక అనుకొని మళ్ళీ పడుకోకండి. వెంటనే షుగరు చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గాని, అర కప్పు పండ్ల రసం గాని తాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. పెరిగాక ఏదైనా తినండి. మిషను అందుబాటులో లేకపోతే ముందు పంచదార తీసుకోండి. మంచం పక్కన పంచదార, బిస్కట్లు ఉండాలి. ఈ మాట పిల్లలకూ చెప్పి ఉంచండి, మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని కూడా.

కాళ్ళ సంగతి. దుబాయ్ నుండి డల్లాస్‌కే దాదాపు 16 గంటలు కూర్చోవాలి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. అయినా అది అరుదే, సుమారు 6,000 మందిలో ఒకరికి. అయితే లావుగా ఉన్నవారికి, ఇటీవల ఆపరేషను అయినవారికి, ముందెప్పుడైనా గడ్డ వచ్చినవారికి ఎక్కువ. గంటకొకసారి పాదాలు ఆడించండి, లేచి నడవండి. మన ఆడవారు మరుగుదొడ్డికి పక్కవారిని లేపడానికి మొహమాటపడి నీళ్ళే మానేస్తారు. ఈ అలవాటు మాకు అసలు నచ్చదు. నడవ పక్క సీటు ముందే అడిగి తీసుకోండి. రెండు పాదాలు కొంచెం వాచడం మామూలే, రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మామూలు కాదు. బామ్ రాసి పిసికించుకోకూడదు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనబడితే పిల్లలు వెంటనే 911కి ఫోను చేయాలి. దిగిన తరువాత కొన్ని వారాల వరకు ఇది గుర్తుండాలి.

ఇక్కడే మన పెద్దవారి మౌనం అడ్డు వస్తుంది. డాక్టరుకు చూపిస్తే పిల్లవాడికి వేల డాలర్లు ఖర్చని ఓర్చుకుంటారు. ఖర్చు భయం వట్టిది కాదు. కాబట్టి బీమా వెళ్ళకముందే తీసుకోండి, పాత జబ్బులకు అది ఏమి ఇస్తుందో చదివించుకోండి. చిన్న ఇబ్బందులకు అర్జెంట్ కేర్ అనే క్లినిక్కులు ఉంటాయి, సాధారణంగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ కన్నా తక్కువ ఖర్చు. రెండో రోజున కాలినొప్పి అని చెబితే తేలికగా పోయేది, దాచిపెట్టి వారం తరువాత ఐ.సి.యు.లో చేరితే ఆ పిల్లవాడికే పది రెట్లు భారం.

జలుబు చేస్తే వారిచ్చే మాత్ర మీద ఎసిటమినోఫెన్ అని ఉంటే అది మన పారాసెటమాలే, రెండూ కలిపి వేసుకోకండి. ముక్కు దిబ్బడ తగ్గించే మందులు కొన్ని బి.పి. పెంచుతాయి, అడిగి తీసుకోండి.

పురుటికి వెళ్ళే తల్లులకు ఒక మాట. దిగిన రోజే వంటింట్లో నిలబడతారని మాకు తెలుసు. వంట సంగతి ఎలా ఉన్నా, నిద్ర సర్దుకునే దాకా రాత్రిపూట పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని సోఫాలో కూర్చోవద్దు. తెలియకుండానే కునుకు పడుతుంది, బిడ్డ మెత్తల మధ్య ఇరుక్కుంటే ఊపిరాడదు. బిడ్డను వెల్లకిలా, దాని మంచంలోనే పడుకోబెట్టండి.

ప్రయాణానికి మూడు వారాల ముందు మీ టికెట్టు, మందుల చీటీ, వాడే సిరంజి మూడూ తీసుకొని మన షుగరు ఓ.పి.కి రండి. డాక్టరుగారు చూసిన తరువాత మన సిస్టర్లు విమానం వేళల ప్రకారం మందుల పట్టిక పెద్ద అక్షరాలతో రాసి ఇస్తారు. ఒక ప్రతి మీ సంచిలో, ఒకటి పిల్లల ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంచండి.