గండి పూడ్చేవాళ్ళు

ముప్పై ఏళ్ళు భద్రాచలం ఏజెన్సీలో నర్సమ్మగా తిరిగాను. రిటైరయ్యాక కూడా ఆశా బిడ్డలు వచ్చి రొమ్ము క్యాన్సర్ సంగతులు అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇవి.

1. నొప్పి లేదని నిమ్మళంగా ఉండొద్దు.
భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోదాకా కదలనివాణ్ణి మనమే తిడతాం. రొమ్ములో గడ్డ చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది. "నొప్పేం లేదు సిస్టరమ్మా, పసరు కడుతున్నా" అన్న ఒక పెద్దమ్మ, చివరికి పుండు పడ్డాకే నా వెంట బస్సెక్కింది. నొప్పి లేని గడ్డే మన 43 అడుగులు.

2. గండి పడటం మామూలే, పూడకపోతేనే ముప్పు.
ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్‌ఏకు రోజూ వేల దెబ్బలు తగులుతాయి, కట్టకు గండ్లు పడ్డట్టు. పూడ్చే ఏర్పాటూ కణంలోనే ఉంది. అది ఎలా పనిచేస్తుందో తేల్చిన ముగ్గురికి 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. డీఎన్‌ఏ పోగులు రెండూ తెగిపోయే పెద్ద గండ్లను సరిగ్గా అతకాలంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు కావాలి. వాటిలో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటే రొమ్ముకూ అండాశయానికీ ముప్పు బాగా పెరుగుతుంది. ఇది శాపమూ కాదు, చేతబడీ కాదు.

3. జాబ్‌కార్డు వేరు, మస్టర్ వేరు.
ఉపాధి పనికి ఊళ్ళో జాబ్‌కార్డులు వందుంటాయి, ఒక రోజు మస్టర్‌లో పడేది ఇరవై పేర్లే. జన్యువు ఉండటం జాబ్‌కార్డు, అది ఎంత పనిచేస్తోందన్నది మస్టర్. గడ్డలో పూడ్చే కూలీలు ఎక్కువైతే కీమో కొట్టిన గండ్లనూ, కరెంటు (రేడియేషన్) పెట్టినప్పుడు పడిన గండ్లనూ అది పూడ్చుకుని బతకగలదు. ఒకే జబ్బు ఇద్దరిలో రెండు తీర్లుగా నడవడానికి ఇదీ ఒక కారణం. అయితే ఈ ఒక్క మస్టర్ చూసి డాక్టర్లు మందు రాయరు. గడ్డ ముక్క మీద చేసే ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు ముందు. ఆ కాగితాలు పోగొట్టుకోవద్దు.

4. జబ్బు వచ్చిన సందులోంచే మందూ పోతుంది.
బీఆర్‌సీఏ చెడిన గడ్డ పెద్ద గండ్లను సరిగ్గా పూడ్చుకోలేదు. పార్ప్ అనే చిన్న కూలీ సాయంతో నెట్టుకొస్తుంది. ఒలాపరిబ్ మాత్ర ఆ కూలీనీ ఆపేస్తుంది. మంచి కణానికి వేరే దారి ఉంది కాబట్టి తట్టుకుంటుంది, గడ్డ కణం కూలుతుంది. ఒళ్ళంతా పాకిన ఇలాంటి రొమ్ము క్యాన్సర్‌కు 2018లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అందుకే బీఆర్‌సీఏ రక్తపరీక్ష రాస్తే "ఇప్పుడెందుకులే" అనొద్దు.

5. తునికాకు కోసం కీమో మానొద్దు.
మూడు వారాలకోసారి కీమో పెట్టారంటే, ఆ ఎడం మంచి కణాలు తేరుకోవడానికి. ఎండాకాలం ఆకు కోతకు పోయి ఆరు వారాలు చేస్తే గడ్డ కూడా తేరుకుంటుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి మూడు వందల కిలోమీటర్ల పైమాటే, నాకు తెలుసు. ఆకు మళ్ళీ ఏడాదీ చిగురిస్తుంది.

6. మేనత్తను మరవొద్దు.
ఇది నా తప్పు. ఒక పిల్ల గడ్డతో వస్తే అమ్మ, అమ్మమ్మ, పిన్నమ్మల గురించి అడిగి "ఇంట్లో ఎవరికీ లేదు" అని రాశాను. ఆమె మేనత్త నలభై నిండకుండా ఇదే జబ్బుతో పోయిందని ఏడాది తర్వాత తెలిసింది. చెడిన జన్యువు తండ్రికి ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆ తండ్రి గట్టిగానే ఉన్నాడు, నేను అడగాలనుకోలేదు.

మీ నోటుబుక్కులో అమ్మ వైపు ఒక పేజీ, నాయన వైపు ఒక పేజీ గీయండి బిడ్డా. రెండో పేజీ నిండాకే ఆ ఇంటి గడప దాటండి.